తాహేరా ఆరబెట్టిన ప్లేటు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో తాహేరాను అందరూ "ఫోటో జహూర్ ఇంటామె" అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఆ కెమెరాను ఏళ్ల తరబడి చెడిపోకుండా కాపాడింది ఆమె. జహూర్‌కు ఫోటో తీయడం వచ్చు, మనిషి మంచివాడే, కాని తడిసిన గొడుగును కెమెరా పెట్టెకే ఆనించి చాయ్ తాగడానికి పోయే రకం. నేను వాళ్ల పక్కింటి లిదియాను, చిన్నపిల్లల బడిలో పంతులమ్మను. మా రెండిళ్లకు మధ్య ఒకటే గోడ, ఆ గోడకు ఒక కిటికీ. ఆ కిటికీలోంచి నేను చూసిందీ, ఆమె నాకు చెప్పిందీ రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచుకుని రాయడం నాకు చేతకాదు.

తాహేరాది దోమకొండ. నడక వచ్చిన నాటినుంచే వాళ్లమ్మ ఆమె ముందు చాట పెట్టి బీడీలు చుట్టడం నేర్పింది. పదహారేళ్లకు జహూర్‌తో నిఖా అయి కామారెడ్డి వచ్చింది. అది పంతొమ్మిది వందల ముప్పై ఒకటి. అప్పటికే జహూర్ సికింద్రాబాద్‌లో ఒక ముసలి ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని, ఆయన వాడిన కెమెరానే తెచ్చుకుని స్టేషన్ దగ్గర దుకాణం పెట్టాడు. టేకు చెక్క పెట్టె, ఇత్తడి మరలు, ముందు కటకం, మధ్యలో మడతలు మడతలుగా సాగే నల్ల తోలు తిత్తి. ఫోటో పడేది మందు పూత పూసిన గాజు ప్లేటు మీద. ఒక్కో ప్లేటును వెలుతురు చొరబడని పలచని చెక్క డబ్బీలో పెట్టేవాడు. ఫోటో తీశాక ఆ డబ్బీని చీకటి గదిలోకి తీసుకుపోయి, ఎర్రదీపం ముందు విప్పి, ప్లేటును మందునీళ్లలో వేస్తేనే అందులో మనిషి కనిపించేవాడు.

కాపురానికి వచ్చిన మొదటి వానాకాలంలోనే కటకం లోపల తెల్లటి బూజు పట్టింది. జహూర్ తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ మరుసటి ఏటి నుంచి ఆ పని తాహేరా తన చేతిలోకి తీసుకుంది. బియ్యాన్ని పెనం మీద బాగా వేయించి, చల్లార్చి, గుడ్డలో మూటకట్టి కటకం పక్కన పెట్టేది. వేయించిన బియ్యం గాలిలోని చెమ్మను పీల్చుకుంటాయి. వారానికోసారి మూట మార్చేది. పెట్టె అడుగున కర్పూరం బిళ్లలు, ఎండిన వేపాకు. ముసురు తెరిపిచ్చిన రోజున తిత్తిని నిండుగా సాగదీసి వసారాలో నీడన పెట్టేది. ఎండ తగిలితే తోలు పగులుతుంది, పొయ్యి సెగ తగిలితే చెక్కను పట్టి ఉంచే బంక కరుగుతుంది. ఇవన్నీ ఆమెకు నోటికి వచ్చు. పాత బియ్యం మాత్రం మా కోళ్లకు పడేసేది. కెమెరా పదేళ్లు బతికితే నా కోళ్లు పదేళ్లు బలిశాయి.

ఆమె బీడీలు చుట్టడం కూడా మానలేదు. వానాకాలంలో చుట్టిన బీడీలు మెత్తబడతాయి. మెత్తబడితే కార్ఖానా వాళ్లు తీసుకోరు. అందుకని కుంపట్లో నిప్పుల మీద బూడిద కప్పి, పైన ఇనుప జల్లెడ పెట్టి, దాని మీద బీడీ కట్టలు పరిచి, వెదురు బుట్ట బోర్లించేది. చెయ్యి పెడితే వెచ్చగా ఉండాలి, కాలకూడదు. అది దోమకొండలో వాళ్లమ్మ నేర్పిన పద్ధతి. ఆమె చేతిలో ఒక్క బీడీ కట్ట పాడైందని నేనెప్పుడూ వినలేదు.

పంతొమ్మిది వందల నలభై వానాకాలం. యుద్ధం మొదలై ఏడాది కావస్తోంది. ఊళ్లలోంచి పడుచువాళ్లు పల్టన్‌లో చేరుతున్నారు. ఎల్లారెడ్డిలో అంగడి రోజున జహూర్ ఎంకయ్య ఎడ్లబండి కట్టించుకుని, కెమెరా పెట్టె వేసుకుని పోయాడు. ఆ రోజు ఆరు ప్లేట్లు తీశాడు. ఐదు దుకాణదారులవీ, పటేళ్లవీ. ఆరోది మైసన్నది.

మైసన్న తల్లి లింగవ్వ. ఎల్లారెడ్డి పక్కనే ఇల్లు, మొగుడు పోయి చాలా ఏండ్లయింది, కూలి చేసి ఒక్క కొడుకును పెంచుకుంది. ఆ కొడుకు పల్టన్‌లో పేరు రాయించుకుని వచ్చాడు. పోయేది ఎల్లుండి. కొడుకు తలకు నూనె రాసి, దువ్వి, తన కొంగుతోనే మొకం తుడిచి కెమెరా ముందు నిలబెట్టిందట.

"మంచిగ తియ్యి సాయబూ. వాడు మల్ల వచ్చేదాంక గదే నాకు కొడుకు" అందట.

జహూర్ సాయంత్రం తిరుగు ప్రయాణమయ్యాడు. లింగంపేట దాటాక వాగు నిండుగా వస్తోంది. ఎంకయ్య ఆగుదామన్నాడు. జహూర్ వినలేదు. నడిమిలోకి పోయేసరికి ఎద్దులు బెదిరి బండి ఒక పక్కకు ఒరిగింది. పెట్టెను నెత్తిన పెట్టుకుని జహూర్ దిగాడు. రొమ్ములోతు నీళ్లు. కాళ్ల కింద ఇసుక జారి, పెట్టెతో సహా మునిగాడు. ఎంకయ్య ఆయన్నీ, పెట్టెనూ గట్టుకు లాగాడు.

తెల్లారి ఇల్లు చేరేసరికి జహూర్ వణుకుతున్నాడు. తాహేరా ముందు మొగుడికి పొడి బట్టలిచ్చింది, తర్వాత పెట్టె విప్పింది. లోపల బియ్యం మూట ఉబ్బి, బురదలో నానిన దూది లాగా ఉంది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ఆమె కటకం ఊడదీసి, కాచి చల్లార్చిన నీళ్లలో ముంచడం చూసి ఆశ్చర్యపోయాను.

"తడిసిందాన్ని మల్ల తడుపుతరా?" అన్నాను.

"వాగు నీళ్లల్ల ఇసుక ఉంటది పంతులమ్మా. గట్లనే తుడిస్తే అద్దం మీద గీతలు పడతయి. ముందుగాల ఇసుక పోవాలె, తర్వాత తడి పోవాలె" అంది.

ఆ రోజంతా ఆమె నడుం వాల్చలేదు. ఇత్తడి మరలు ఒక్కొక్కటే విప్పి తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి, ఏది ఎక్కడిదో మరిచిపోకుండా చాట మీద వరసగా పెట్టింది. తిత్తి మడతలు ఒకదానికొకటి అతుక్కోకుండా మధ్యలో పాత మల్లు గుడ్డ ముక్కలు దూర్చింది. చెక్కను వసారాలో, గాలి తగిలేచోట, ఎండ పడనిచోట నిలబెట్టి గంటకోసారి తిప్పింది. కొత్తగా బియ్యం వేయించి కటకాన్ని అందులో కప్పెట్టింది.

ఇక ప్లేట్లు. డబ్బీల్లోకి నీళ్లు పోయాయి. జహూర్ ఆ వణుకులోనే వాటిని విప్పకుండా చీకటి గదిలోకి తీసుకుపోయి, చల్లటి నీళ్ల కుండలో ముంచి మూత పెట్టాడు. తడిసిన ప్లేటు సగం ఆరితే దాని మీది పూత చెక్కకు అతుక్కుంటుంది. అందుకని మందులో వేసేదాకా నీళ్లలోనే ఉండాలి. కాని మందు పొడి డబ్బా కూడా వాగులోనే నాశనమైంది. మర్నాడు పొద్దున జ్వరం కాస్త తగ్గగానే నిజామాబాద్ రైలెక్కాడు, మందు పొడి తేవడానికి. పోతూ పోతూ కెమెరా గురించి పది జాగ్రత్తలు చెప్పాడు. కుండ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చీకటి గదిలో ఆమెకు పనేముంటుందనుకున్నాడు.

పని పడింది. ఫోటో తీసేటప్పుడు జహూర్ తల మీద కప్పుకునే నల్లగుడ్డ ఆరితే, దాన్ని లోపల పెడదామని ఆమె ఆ గదిలోకి పోయింది. కుండ మూత తీసి చూస్తే డబ్బీలు నీళ్లలో ఉన్నాయి. జ్వరంలో మరిచిపోయాడనుకుంది. నానిన ఆకును ఒక రాత్రి అలాగే వదిలేస్తే బూజు పడుతుందని బీడీలు చుట్టే మనిషికి వేరే చెప్పాలా? వెలుతురు తగిలితే ప్లేటు చెడుతుందని ఆమెకు తెలుసు. అందుకే డబ్బీలు విప్పలేదు. నీళ్లు ఓడ్చి, నల్లగుడ్డలో రెండు మడతలు చుట్టి, కుంపటి మీద జల్లెడ పెట్టి, బీడీ కట్టల చోట వాటిని పరిచి బుట్ట బోర్లించింది. చెక్క కెమెరాను సెగ దగ్గరికి ఆమె ఎప్పుడూ పోనివ్వదు. కాని ఇవి గాజు. గాజుకు ఆ వెచ్చదనంతో ఏమవుతుంది అనుకుంది. మాటిమాటికీ చెయ్యి పెట్టి చూస్తూ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుంది.

నేను బడినుంచి వచ్చి కిటికీలోంచి చూశాను.

"మంచి ఉపాయం చేసినవు తాహేరా" అన్నాను.

నాకేం తెలుసని అన్నాను. మెచ్చుకోవడానికి మాత్రం ముందుంటాను.

జహూర్ ఆదివారం పొద్దున వచ్చాడు. కుండ ఖాళీగా ఉండడం చూసి, బుట్ట కింది డబ్బీలు తీసుకుని చీకటి గదిలోకి పోయాడు. ఆ ప్లేటు మీది పూత తడిగా ఉన్నప్పుడు కొద్దిపాటి వెచ్చదనానికే గంజిలా జారిపోతుందని ఆ రోజు తర్వాతే మాకు తెలిసింది. ఆరు ప్లేట్లూ ఉత్త గాజుపలకలైపోయాయి. పూతంతా ఒక మూలకు చేరి ముద్దయింది.

వాళ్లిద్దరూ ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకుంటారు. నేను తెలుగులో రాస్తున్నాను. జహూర్ బయటికి వచ్చి ఒక్కటే అడిగాడు.

"నీళ్లల్ల నుంచి ఎవరు తీసిండ్రు?"

"నేనే."

ఆయన తిట్టలేదు. కుండ సంగతి చెప్పకపోవడం తనదే తప్పు అన్నాడు. గడప మీద కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే తనకు ఇంత భారం ఉండకపోయేది అని తాహేరా నాతో చాలాసార్లు అంది. ఐదుగురిని మళ్లీ కూర్చోబెట్టి తీయవచ్చు. మైసన్న ఈపాటికి రైలెక్కి వెళ్లిపోయి ఉంటాడని ఇద్దరూ అనుకున్నారు. ఆ సాయంత్రానికి జహూర్‌కు జ్వరం తిరగబెట్టింది.

సోమవారం మధ్యాహ్నం లింగవ్వ వచ్చింది. జహూర్ లోపలి గదిలో నిద్రపోతున్నాడు. వసారాలో కెమెరా ముక్కలు ముక్కలుగా ఆరుతోంది.

"సాయబు లేడా బిడ్డా?"

"పండుకున్నడు అవ్వా. జరం."

"అయ్యో. ఫోటో అయ్యిందా అని వచ్చిన. నా కొడుకు గీ టేసన్లనే ఉన్నడు. ముంగట సికింద్రాబాద్ దిక్కు రైలుపట్ట కొట్కపోయిందంట, మూడొద్దుల సంది గీడనే ఆపిండ్రు. రేపు పొద్దుగాల ఎక్కిస్తరట. పోయేముంగట వాని ఫోటో వానికే చూపిద్దామని."

మైసన్న రెండు ఫర్లాంగుల దూరంలో ఉన్నాడు. జహూర్ పది అడుగుల దూరంలో ఉన్నాడు. అవ్వా, ఫోటో పాడైంది, నీ కొడుకును తీసుకరా, మళ్లీ తీస్తాడు. అంతే, ఆమె అనవలసింది ఆ నాలుగు మాటలే. అవి నోటిదాకా వచ్చాయని తాహేరా నాతో చెప్పింది. కాని ఇంటి ఆడది ప్లేట్లు కుంపటి మీద పెట్టి కాల్చిందట అని అంగడంతా నవ్వుతుంది, నవ్వేది నన్ను కాదు, ఆయన్ను అనుకుంది. కెమెరా ఇంకా ఆరలేదు కదా, ఇప్పుడు బిగిస్తే చెక్క వంకరపోతుంది కదా అని కూడా తనకు తాను చెప్పుకుంది.

"ఇంకా ఆరుతున్నది అవ్వా. వానకాలం గద."

"ఎన్నొద్దులు ఆరాలె?"

"ఒక నెల పడతది."

లింగవ్వ నవ్వింది. "నా మిరపకాయలే నాలుగు ఎండలకు ఆరుతయి. నీ ఫోటో శానా పచ్చిగున్నది బిడ్డా. సరే తీ, ఎప్పుడన్న మా ఇంటికే వస్తది గద. ఆరనీ" అని, కొడుకు దగ్గరికి స్టేషన్‌కు వెళ్లిపోయింది.

మంగళవారం పొద్దున రైలు కూత మా ఇంట్లోకి కూడా వినిపించింది. తాహేరా ఆ రోజు బీడీ ఆకు ముట్టలేదు. బుధవారం మొగుడికి చెప్పింది.

"నన్ను లేపకపోయినవా?"

"జరం ఉండె. కెమెరా తడి ఉండె."

"కెమెరా ఆదివారానికే ఆరింది తాహేరా. ఇంకో రెండొద్దులు ఉండనీయి అని నేనే ఊకున్న. తడిదైనా గూడ తీస్తుంటి. ఆ పిల్లగాని కోసం కెమెరా వంకర పోతే పోతుండె."

ఆ తర్వాత వాళ్లకు ఒక్కటే ఆశ మిగిలింది. మైసన్న సెలవు మీద వస్తాడు, అప్పుడు తీయవచ్చు. అప్పటిదాకా ఆ తల్లి మనసు ఎందుకు నొప్పించడం అనుకున్నారు. నేనూ సరే అన్నాను. ఇదిగో, నా తప్పు ఇక్కడ ఉంది. లింగవ్వకు చదువు రాదు. నెలకో రెండు నెలలకో కామారెడ్డి వచ్చినప్పుడల్లా కొడుక్కు నా చేతనే ఉత్తరం రాయించేది. "నీ ఫోటో ఆరుతున్నదని రాయి పంతులమ్మా. సాయబు ఇంట్ల భద్రంగ ఉన్నదని రాయి" అనేది. నేను రాసేదాన్ని. బడిలో పిల్లలు అబద్ధమాడితే బెత్తం తీసే మనిషిని, తలవంచుకుని, గుండ్రటి అక్షరాలతో, ఒకటికి నాలుగుసార్లు ఆ అబద్ధం రాశాను. అక్కడినుంచి ఎవరిచేతనో రాయించిన జవాబు వచ్చేది. "ఫోటో మంచిగొచ్చిందా అవ్వా, నేను నవ్వుతున్ననా, గంభీరంగ ఉన్ననా" అని ఒకదాంట్లో ఉంది. అది చదివి వినిపిస్తుంటే గోడ అవతల తాహేరా చాట కింద పెట్టిన చప్పుడు విన్నాను.

సెలవు రాలేదు. నలభై ఒకటిలో వాళ్లను ఓడ ఎక్కించి మలయా తీసుకుపోయారని ఉత్తరం వచ్చింది. ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. లింగవ్వ రావడం కూడా తగ్గింది. నలభై రెండు ఎండాకాలంలో ఎంకయ్య వచ్చి చెప్పాడు, మైసన్న యుద్ధంలో పోయాడని ఎల్లారెడ్డికి కాయితం వచ్చిందని.

జహూర్ చొక్కా తొడుక్కున్నాడు. తాహేరా దారికి అడ్డం నిలబడింది.

"నేను చేసింది నేనే చెప్త. మీరు రావొద్దు."

పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె మొగుడు లేకుండా ఊరు దాటలేదు. నన్ను తోడు రమ్మంది. యుద్ధానికి పెట్రోలు కరువైంది, వెనక బొగ్గు పొయ్యి తగిలించుకుని నడిచే బస్సు. దారి పొడుగునా బుర్ఖాలో ఆమె ఒళ్లో ఒక గుడ్డ మూట ఉంది. అందులో ఏముందో నేను అడగలేదు.

లింగవ్వ ఇంట్లోనే ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన మనిషిలా ఉంది. మమ్మల్ని చూసి మంచం వాల్చింది, నీళ్లిచ్చింది. తాహేరా మంచం మీద కూర్చోలేదు. కింద, ఆమె కాళ్ల దగ్గర కూర్చుని మూట విప్పింది. ఉత్త గాజుపలక. ఒక మూలన ఎండిన పూత మరక.

"ఫోటో ఆరుతలేదు అవ్వా. అది ఏనాడో పోయింది. వాగుల తడిస్తే నేను కుంపటి మీద పెట్టిన. కరిగిపోయింది. నువ్వు వచ్చిన నాటికే లేదు. నీ కొడుకు టేసన్ల ఉన్నడని నువ్వు చెప్పినా నేను నోరు తెరవలే. తెరిస్తే మల్ల తీస్తుండె. నీకు అబద్ధం చెప్పిన."

లింగవ్వ ఆ గాజును చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. దాంట్లోంచి ఎదురుగా ఉన్న మట్టిగోడ కనిపించింది. తిప్పి అటువైపు నుంచి కూడా చూసింది. తిడుతుందేమోనని నేను కాచుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"వానికి చెంప మీద పుట్టుమచ్చ ఉండె బిడ్డా. ఎడమ దిక్కో కుడి దిక్కో నాకు యాదికొస్తలేదు. వారం సంది అదే ఆలోచన. సాయబును అడిగితే చెప్తడా?"

జహూర్ వేలమందిని తీశాడు, ఆయనకేం గుర్తుంటుంది? నేనే ఏదో ఒకటి అనాలని అన్నాను.

"నువ్వు కన్నతల్లివి అవ్వా. జరసేపైతే నీకే యాదికొస్తది."

లింగవ్వ గాజును ఒళ్లో పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"రాదు పంతులమ్మా. ఆ పొద్దు రైలు కాడ వాడు నా ముంగటనే శానాసేపు నిలబడ్డడు. నేను వాని రొట్టెల మూట కట్టుకుంట, విప్పుకుంట, సదురుకుంట కూసున్న. ఫోటో ఆరుతున్నది గద, ఇంటికొస్తది గద, ఇగ బతికినన్ని దినాలు చూసుకోవచ్చు అనుకున్న. వాని మొకం దిక్కు సక్కగ చూడనే లే."